కాగితం కప్పు

కేయూ క్రాస్ రోడ్డు కాడ చాయ తాగుతానం,
నేనూ, నా మనుమరాలు మౌనిక.
కాగితం కప్పు. పెదవులకు మైనం తగులుతది.
తాగి, నలిపి, డబ్బల ఏసినంక
ఎవని ఎంగిలి ఎవనిదో ఎవనికీ తెల్వది.

మా ఊరు పరకాల రోడ్డు మీదికెళ్ళి లోపటికి నాలుగు మైళ్ళు.
హోటలు చూరు కింద, దిమ్మె మీద
బోర్లిచ్చిన సత్తు గ్లాసులు మూడు, మా వాడకు.
తాగినంక కడిగి మళ్ళ బోర్లియ్యాలె.
లోపట బల్లలు, గాజు గ్లాసులు.
ఎనభై మూడుల, అంగడినాడు,
పోశాలన్న, నాంపెల్లి, నేను
లోపటికి పోయి బల్ల మీద కూసున్నం.
చేసింది గంతే. కూసున్నం.

పోశాలన్నవి రెండు పండ్లు పోయినయ్.
నాంపెల్లి చెయ్యి ఎండకాలం దాటేదాక మెడకే ఏలాడింది.
ముందు రోజు సంగం సారు నొక్కి చెప్పిండు:
"ఉతికిన అంగిలు తొడుగుండ్రి. కల్లు ముట్టొద్దు.
తిడితె తిట్టొద్దు. తప్పు మన దిక్కు ఉండొద్దు."
ఇస్త్రీ పెట్టె లేక, ఇత్తడి చెంబుల నిప్పులు పోసి
అంగి ముడతలు తీసిన.
తెల్లారి ఆ అంగి మీదనే నెత్తురు.

ఈ కత పెండ్లిళ్ళల్ల చెప్పిన, చావుల కాడ చెప్పిన.
మౌనిక ఇన్నది, కప్పు అంచు గోటితోని గీకుకుంట.
"ఉతకని అంగి తొడిగినోనికి చాయ పొయ్యద్దా తాతా?"
నేను జవాబు ఎతుకుతాంటెనే ఇంకోటి:
"అవ్వ యాడున్నది గప్పుడు?"

బయట.
దిమ్మె కాడ. మా గ్లాసులు కడుగుతాంది.
నలభై ఏండ్ల నా కతలకు
ఆమె తడి చేతులు ఒక్కనాడు రాలే.

పేరు మౌనిక అని పెట్టింది నేనే. నోరు మాత్రం ఆగదు.
దీని లొల్లి ఇంకో తీరు.
నయీంనగర్ల రూము కోసం పదకొండు ఇండ్లు తిరిగింది.
ఎవ్వలూ కొట్టలే. కుర్చేసిండ్రు. ఫ్రిజ్ నీళ్ళిచ్చిండ్రు.
"మీరేమిట్లు బిడ్డా?" అని నవ్వుకుంటనే అడిగిండ్రు.
చెప్పినంక
ఒకలకు అల్లుడొచ్చేది యాదికొచ్చింది,
ఒకలకు గోడలకు సున్నమెయ్యాల్సింది.
పగలగొడుదామంటె గ్లాసు యాడుంది?

ఆమె అసొంటి పోరగాండ్లు ఫోన్లల్ల రికార్డు చేసిండ్రు.
నలభై రెండు గొంతులు.
కాసేపట్ల ఈడనే, రోడ్డు మీద స్పీకర్లు పెట్టి ఇనిపిస్తరట.

ఎస్సై వచ్చి "మీ లీడర్ ఎవలు?" అన్నడు.
"ఎవలూ లేరు సార్."
పెన్ను గాలిల నిలవడ్డది.
మా దినాలల్ల ఒక్క పేరు రాసుకుంటె అయిపోయేది,
ఒక్కన్ని జీపెక్కిస్తె వాడంత సల్లవడేది.

అయినా నాకు గుబులే.
రేపు ఇంకో వీడియో వస్తది, ఇది కిందికి జారుతది.
లోపటేస్తె ఎవని ఇంటికి ఎవలు బియ్యం మోస్తరు?
నాంపెల్లి ఇంటికి నేను ఏడు నెలలు మోసిన.
అడిగిన.
మౌనిక శానాసేపు ఊకున్నది.
"తెల్వది తాతా" అన్నది.
ఆ మాట మా సంగంల ఎవ్వలం ఎన్నడూ అనలే.

స్పీకర్ గరగరమన్నది. హన్మకొండ బస్సు మోత మీదికెళ్ళి
"మీరేమిట్లు బిడ్డా?"
ఎంత తియ్యటి గొంతు. బెల్లం పాకం.
పోరగాండ్లు చప్పట్లు కొట్టలే. నినాదం లేదు.
నాకు తెల్సిన పాట ఒక్కటి లేదు.
చినిగిన ప్యాంట్లు, రంగేసిన జుట్లు,
నడుమ ఇస్త్రీ అంగితోని నేను,
చేతుల నలిగిన కప్పు.

ఏం చెయ్యాల్నో సమజ్ కాలే.
రోడ్డు మీద కూసున్న.
నాకొచ్చింది గంతే.